జీపును భారత్‌కు తెచ్చిన కలకత్తా ఉద్యోగి

కోల్‌కతా: 2024-25 ఆర్థిక సంవత్సరంలో దేశంలో సుమారు 43 లక్షల ప్రయాణికుల వాహనాలు అమ్ముడుపోగా, వాటిలో 65 శాతం యుటిలిటీ వాహనాలే. స్పోర్ట్ యుటిలిటీ వాహనాలుగా పిలిచే ఈ ఎత్తయిన బండ్లు పాతికేళ్ల క్రితం వరకూ అటవీ శాఖ, పోలీసు శాఖ, కాంట్రాక్టర్ల వద్ద తప్ప కనిపించేవి కావు. నేడు మధ్యతరగతి కుటుంబం మొదటి కారు కొనదలచినా చూపు ముందుగా వాటి మీదికే పోతున్నది. ఈ వంశానికి మూలపురుషుడిని వెదుకుతూ వెనుకకు వెళితే 1949లో బొంబాయిలోని మజగాఁవ్‌లో విడిభాగాలతో బిగించిన ఒక జీపు ఎదురవుతుంది. మరికొంత వెనుకకు వెళితే, కలకత్తాలో ఒక నిర్మాణ సంస్థలో ఉద్యోగం చేస్తూ, మరోవైపు ఒక మాసపత్రికకు సంపాదకత్వం వహించిన పంజాబీ యువకుడు కనిపిస్తాడు. ఆయనే కైలాస్ చంద్ర మహీంద్రా.

మహీంద్రా అనే పేరు నేడు వాహనాల మీద, ట్రాక్టర్ల మీద, సాఫ్ట్‌వేర్ కంపెనీ భవనాల మీద కనిపిస్తున్నది. ఆ పేరు గల మనుషులలో ప్రజలకు తెలిసినది మూడవ తరానికి చెందిన ఆనంద్ మహీంద్రా ఒక్కరే. ఆయన తాతగారైన కైలాస్ చంద్ర ఇంజనీరు కారు, మోటారు వ్యాపారి కుటుంబంలో పుట్టినవారు కూడా కారు. యాభై యేళ్లు నిండిన తరువాత మాత్రమే ఆయన వాహనాల రంగంలోకి అడుగుపెట్టారు. అంతవరకు ఆయన జీవితం ఉక్కు, బొగ్గు, లైట్ రైల్వేలు, పత్రికా రచనల మధ్య గడిచింది.

కైలాస్ చంద్ర 1894లో పంజాబ్‌లోని లూధియానాలో జన్మించారు. తొమ్మండుగురు సంతానంలో ఆయన రెండవవారు. తండ్రి చిన్న వయసులోనే కన్నుమూయగా కుటుంబ భారం పెద్ద కుమారుడైన జగదీశ్ చంద్ర మీద పడింది. అన్నదమ్ముల మధ్య వయసు తేడా రెండేళ్లే అయినా జగదీశ్ చంద్ర తమ్ములకు, చెల్లెళ్లకు తండ్రి స్థానంలో నిలిచారు. లాహోర్ ప్రభుత్వ కళాశాలలో చదువు పూర్తిచేసిన కైలాస్ చంద్రను కేంబ్రిడ్జికి పంపించినదీ ఆయనే. అక్కడ కైలాస్ చంద్ర చదువుతోపాటు హాకీలోనూ, పడవ పందేలలోనూ రాణించారు. అన్నగారు బొంబాయిలో ఇంజనీరింగ్ చదివి, కాలక్రమాన టాటా ఉక్కు కంపెనీలో సీనియర్ సేల్స్ మేనేజరు స్థాయికి చేరుకోగా, ఇంగ్లండు నుంచి తిరిగివచ్చిన తమ్ముడు కలకత్తాను ఎంచుకున్నారు.

మార్టిన్ కంపెనీలో కొలువు

1911లోనే రాజధాని ఢిల్లీకి తరలిపోవాలని నిర్ణయం జరిగినా, వాణిజ్యానికి కలకత్తాయే రాజధానిగా కొనసాగుతున్న రోజులవి. డల్హౌసీ స్క్వేర్ పరిసరాలలోని మేనేజింగ్ ఏజెన్సీలు జనపనార, తేయాకు, బొగ్గు వ్యాపారాలను శాసించేవి. వాటిలో అత్యధికం బ్రిటిష్ యాజమాన్యంలోనివే. మార్టిన్ అండ్ కంపెనీ ఇందుకు భిన్నమైనది. సర్ థామస్ ఆక్విన్ మార్టిన్‌తో సమాన హోదాలో బెంగాలీ ఇంజనీరు రాజేంద్రనాథ్ ముఖర్జీ ఆ సంస్థకు భాగస్వామి. నగరానికి మంచినీరు అందించే పల్తా జలాశయ పనులతో పేరు తెచ్చుకున్న ముఖర్జీ, విక్టోరియా మెమోరియల్ నిర్మాణాన్ని పూర్తిచేసిన ఘనతను కూడా తన సంస్థకు సంపాదించిపెట్టారు. 1918లో వెలసిన ఇండియన్ ఐరన్ అండ్ స్టీల్ కంపెనీతోనూ ఆయన పేరు ముడిపడి ఉన్నది.

మార్టిన్ కంపెనీకి మరొక ప్రత్యేకత ఉండేది. ప్రధాన రైల్వేలు పట్టించుకోని పల్లెలకు ఆ సంస్థ చిన్న గేజి పట్టాలు వేసి లైట్ రైల్వేలు నడిపింది. 1897లో మొదలైన హౌరా-ఆమ్తా లైను వీటిలో ఒకటి. 1971 వరకు ఆ బుల్లి రైలు హౌరా జిల్లా రైతులను, కూరగాయల గంపలను కలకత్తా దరికి చేర్చింది. పెద్ద రహదారి కోసమో, పెద్ద రైలు కోసమో ఎదురుచూడకుండా, ఉన్న తోవకు తగిన బండిని సమకూర్చడం లాభసాటి వ్యాపారమేనని చెప్పే పాఠశాల అది. కైలాస్ చంద్ర తరువాతి జీవితాన్ని పరిశీలిస్తే ఆ పాఠం ఆయనకు బాగానే వంటబట్టిందని భావించవలసి ఉంటుంది.

ఉద్యోగంతో పాటు ఆయన హిందూస్థాన్ రివ్యూ అనే ఆంగ్ల మాసపత్రికకు సంపాదకత్వం వహించారు. బీహార్ నాయకుడు, తరువాత రాజ్యాంగసభకు తాత్కాలికాధ్యక్షుడైన సచ్చిదానంద సిన్హా స్థాపించిన పత్రిక అది. రాజకీయాలు, ఆర్థిక విషయాలు, సాహిత్యం చర్చించే వేదికగా విద్యావంతులలో దానికి ఆదరణ ఉండేది. 1933లో కైలాస్ చంద్ర రాజేంద్రనాథ్ ముఖర్జీ జీవిత చరిత్రను రాసి వెలువరించారు. అప్పటికి ముఖర్జీ జీవించే ఉన్నారు. 1936లో ఆయన మరణించారు. ఒక భారతీయ పారిశ్రామికుని జీవితం పుస్తకంగా రావడం ఆనాడు అరుదు. కోల్‌కతాలో పూర్వం మిషన్ రో అని పిలిచిన వీధికి ఇప్పుడు ముఖర్జీ పేరే ఉన్నది. ఆయన కథ రాసిన ఉద్యోగి పేరు ఆ నగరంలో పెద్దగా ఎవరికీ జ్ఞాపకం లేదు.

యుద్ధం తెచ్చిన మలుపు

రెండవ ప్రపంచ యుద్ధం ఇద్దరు సోదరులనూ ప్రభుత్వ సేవలోకి లాగింది. జగదీశ్ చంద్ర దేశ ఉక్కు కంట్రోలరుగా నియమితులయ్యారు. కైలాస్ చంద్ర 1942లో అమెరికాలోని భారత సరఫరా బృందానికి అధిపతిగా వాషింగ్టన్ వెళ్లారు. అమెరికాలో భారతదేశపు కొనుగోళ్ల బృందానికి అంతకుముందు నాయకత్వం వహించినవారు ఆర్.కె. షణ్ముగం చెట్టి, స్వతంత్ర భారతానికి మొదటి ఆర్థికమంత్రి అయినదీ ఆయనే. లెండ్-లీజ్ చట్టం కింద యంత్రాలు, ఉక్కు, వాహనాలు భారతదేశానికి తరలించే బాధ్యత ఈ బృందానిది. జపాన్ సేనలు బర్మాను ఆక్రమించి బెంగాల్ సరిహద్దులకు చేరిన సమయమది. అస్సాం నుంచి చైనా దాకా కొండల మీదుగా దారి వేస్తున్న మిత్రరాజ్యాల సైన్యానికి ఎక్కడికైనా వెళ్లగల బండ్ల అవసరం ఏర్పడింది.

ఆ బండి పేరు జీపు. 1940 వేసవిలో అమెరికా సైన్యం తేలికపాటి నిఘా వాహనం కావాలని కోరుతూ 135 కంపెనీలకు పిలుపునిచ్చింది. చిన్న కంపెనీ అయిన బాంటమ్ సెప్టెంబరులో తొలి నమూనాను సిద్ధం చేసింది. విల్లీస్-ఓవర్‌లాండ్, ఫోర్డ్ కూడా తమ నమూనాలను తెచ్చాయి. విల్లీస్ చీఫ్ ఇంజనీరు డెల్మార్ రూస్ తీర్చిదిద్దిన 60 అశ్వశక్తి ఇంజను పోటీదారులందరి ఇంజన్ల కన్నా బలమైనది కావడంతో 1941లో పెద్ద కాంట్రాక్టు ఆ సంస్థకే దక్కింది. ఉత్పత్తి చాలకపోవడంతో అదే నమూనాను ఫోర్డ్ కూడా తయారుచేసింది. యుద్ధం ముగిసేనాటికి ఈ రెండు సంస్థలూ కలిసి సుమారు 6 లక్షల 40 వేల జీపులను తయారు చేశాయి. మిత్రుల మధ్య బార్నీ అని పిలిపించుకున్న రూస్‌ను జీపు సృష్టికర్తగా పేర్కొనడం పరిపాటి అయినా, తొలి నమూనా బాంటమ్‌ది అన్న విషయాన్ని విస్మరించరాదు.

అమెరికాలో ఉన్న కాలంలోనే కైలాస్ చంద్ర రూస్‌ను కలుసుకున్నారు. ఆ పరిచయం నుంచే జీపును భారతదేశానికి తేవాలన్న ఆలోచన పుట్టింది. జీపు గొప్పదనం వేగంలో లేదు. మామూలు కారుకు ఇంజను శక్తి రెండు చక్రాలకే అందుతుంది. ఆ రెండూ బురదలో జారితే కారు కదలదు. జీపులో గేరుపెట్టె వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు అనే మరొక పెట్టె అమర్చి, శక్తిని ముందు చక్రాలకు కూడా మళ్లించారు. అందులోనే ఉన్న తక్కువ గేరు వేస్తే వేగం దాదాపు సగానికి తగ్గి, చక్రాల లాగుడు బలం అంతకు అంత పెరుగుతుంది. అడుగుభాగం నేల నుంచి 22 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. ముందు బంపరు, వెనుక బంపరు చక్రాలకు దగ్గరగా ఉండడం వలన ముందు 45 డిగ్రీల, వెనుక 35 డిగ్రీల వాలు వరకు బండి ముక్కు గానీ తోక గానీ నేలకు తగలదు. ఇంత చేసీ బరువు టన్నుకు కాస్త ఎక్కువ మాత్రమే. నలుగురు మనుషులు కలిసి ఎత్తితే బురదలో నుంచి పక్కకు జరపవచ్చు.

ఈ లక్షణాల విలువ భారతదేశపు లెక్కలు చూస్తే అర్థమవుతుంది. 1951లో దేశంలోని రోడ్ల మొత్తం పొడవు సుమారు 4 లక్షల కిలోమీటర్లు కాగా, రాయి గానీ తారు గానీ వేసినవి 1 లక్షా 57 వేల కిలోమీటర్లే. మిగిలినవన్నీ బండిబాటలు. వానాకాలం వస్తే కారున్న కలెక్టరు కూడా గుర్రమో, ఎడ్లబండో ఎక్కవలసినదే.

భాగస్వామిని తీసుకుపోయిన విభజన

1945లో స్వదేశానికి తిరిగివచ్చిన కైలాస్ చంద్ర కలకత్తాను విడిచి బొంబాయి చేరుకున్నారు. అదే సంవత్సరం అక్టోబరు 2న సోదరులిద్దరూ మాలిక్ గులాం మహమ్మద్‌తో కలిసి మహీంద్రా అండ్ మహమ్మద్ కంపెనీని స్థాపించారు. తొలి వ్యాపారం ఉక్కు అమ్మకం. గులాం మహమ్మద్ లాహోర్‌లో పుట్టి, అలీగఢ్‌లో చదివి, అకౌంట్స్ సర్వీసులో పేరు తెచ్చుకున్న అధికారి. యుద్ధకాలంలో నిజాం ప్రభుత్వానికి ఆర్థికమంత్రిగా పనిచేసినందున హైదరాబాదు వారికి ఆయన పేరు సుపరిచితం. హిందువులు, ముస్లిముల పేర్లు పక్కపక్కన ఉన్న కంపెనీ బోర్డు ఆనాటికి ఒక రాజకీయ ప్రకటన వంటిదే.

1946లో ప్రభుత్వం కైలాస్ చంద్రను బొగ్గు గనుల పరిశీలన సంఘానికి అధ్యక్షుడిగా నియమించింది. మోటారు వాహనాలు, ట్రాక్టర్ల పరిశ్రమలపై ఏర్పడిన పానెళ్లకు కూడా ఆయనే నాయకత్వం వహించారు. ఉక్కు తయారీకి అవసరమైన కోకింగ్ బొగ్గును బాయిలర్లలో తగలబెట్టి వృథా చేయరాదని, భూగర్భ ఖనిజాలపై హక్కులు జమీందార్ల నుంచి ప్రభుత్వానికి దఖలు పడాలని బొగ్గు సంఘం సూచించింది. స్వయంగా పారిశ్రామికుడైన అధ్యక్షుని నుంచి ఇటువంటి సిఫార్సు రావడం గమనార్హం. దేశంలో బొగ్గు గనుల జాతీయకరణ 1971-73 వరకు ఆగింది. సింగరేణి గనులు మాత్రం అంతకు చాలా ముందే, 1945లోనే, నిజాం ప్రభుత్వ అధీనంలోకి వచ్చాయి.

1947 ఆగస్టులో దేశ విభజన జరిగింది. గులాం మహమ్మద్ కరాచీ వెళ్లి పాకిస్తాన్ మొదటి ఆర్థికమంత్రి పదవి చేపట్టారు. ఈ విధంగా కైలాస్ చంద్రకు ముందు వాషింగ్టన్‌లో పనిచేసినవారు ఒక దేశానికి, ఆయన వ్యాపార భాగస్వామి మరొక దేశానికి తొలి ఆర్థికమంత్రులయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. పాత పేరు పొడి అక్షరాలతో అచ్చువేసిన కాగితాలు వృథా కాకూడదనే రెండవసారి కూడా అదే ఇంటిపేరు పెట్టారని చెప్పుకుంటారు. పొదుపు కథ సరదాగా ఉన్నా, దాని వెనుక ఉన్నది సరదా కాదు. మహీంద్రాల స్వస్థలమైన పంజాబ్ రెండు ముక్కలైంది. కైలాస్ చంద్ర చదువుకున్న లాహోర్ పరాయి దేశమైంది. రెండేళ్లయినా నిండని కంపెనీ ముగ్గురిలో ఒకరిని పోగొట్టుకున్నది. గులాం మహమ్మద్ 1951లో పాకిస్తాన్ గవర్నర్ జనరల్ అయ్యారు. 1955 జనవరి 26న ఢిల్లీలో గణతంత్ర దినోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చారు. మరుసటి యేడు మరణించారు.

కంపెనీ భవిష్యత్తు జీపు మీద ఆధారపడినది సరిగ్గా ఈ సమయంలోనే. విల్లీస్‌తో 1947లో కుదిరిన ఏర్పాటు ప్రకారం తొలి విడతగా 75 జీపులు విడిభాగాల రూపంలో ఓడలో వచ్చాయి. 1949 జూన్ 3న మజగాఁవ్‌లో మొదటి బండి బిగింపు పూర్తయింది. అప్పటికి దేశంలో జీపు అన్న మాటకు మంచి పేరేమీ లేదు. కాశ్మీర్ యుద్ధం కోసం 1948లో లండన్‌లోని హైకమిషనర్ వి.కె. కృష్ణమీనన్ ఒక విదేశీ సంస్థకు జీపులు పురమాయించగా, వందల సంఖ్యలో రావలసిన చోట 155 మాత్రమే వచ్చాయి. అవీ పనికిరావన్న ఆరోపణపై పార్లమెంటులో దుమారం రేగింది. స్వతంత్ర భారతంలో తొలి కుంభకోణంగా చరిత్రలో నిలిచిన ఆ వ్యవహారాన్ని 1955లో ప్రభుత్వం మూసివేసింది. దానితో మహీంద్రాలకు ఎటువంటి సంబంధం లేదు. అయితే ఈ బండ్లు దేశంలోనే తయారుకావాలన్న వాదనకు అది బలం చేకూర్చిందని చెప్పవచ్చు.

1951లో జగదీశ్ చంద్ర మరణించారు. చిన్ననాటి నుంచి నీడలా నిలిచిన అన్నగారు కూడా దూరం కావడంతో కంపెనీ బరువు పూర్తిగా కైలాస్ చంద్ర మీద పడింది. అప్పటికి ఆయన వయసు 57 సంవత్సరాలు.

బిగింపు నుంచి తయారీకి

1953లో టారిఫ్ కమిషన్ నివేదిక మోటారు పరిశ్రమ ముఖచిత్రాన్ని మార్చివేసింది. విడిభాగాలు దిగుమతి చేసుకుని బిగించడం తప్ప తయారీ కార్యక్రమం లేని సంస్థలు దేశంలో కొనసాగరాదని ప్రభుత్వం నిర్ణయించింది. దశాబ్దాలుగా పాతుకుపోయిన జనరల్ మోటార్స్, ఫోర్డ్ మూటాముల్లె సర్దుకున్నాయి. బిగింపుతోనే బతుకుతున్న మహీంద్రాకు రెండే దారులు మిగిలాయి. జీపును వదులుకుని ఉక్కు వ్యాపారానికి పరిమితం కావడం ఒకటి. ఇంజనుతో సహా ఇక్కడే తయారుచేయడానికి పెట్టుబడి పెట్టడం రెండవది. కైలాస్ చంద్ర నాయకత్వంలోని కంపెనీ రెండవ దారి పట్టి, 1954లో విల్లీస్‌తో తయారీ ఒప్పందం చేసుకున్నది. పెట్టుబడి కోసం 1956లో బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీకి వెళ్లింది.

ఇదే కాలంలో కలకత్తా శివారులో మరొక ప్రయోగం జరుగుతున్నది. బ్రజ్ మోహన్ బిర్లా 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో స్థాపించిన హిందూస్థాన్ మోటార్స్ 1948లో హుగ్లీ తీరాన ఉత్తరపాడాకు తరలివచ్చింది. బ్రిటిష్ మోరిస్ కారును ఆధారం చేసుకుని 1950ల చివరలో అక్కడ పుట్టిన అంబాసిడర్ మంత్రులకు, అధికారులకు, కలకత్తా పసుపు టాక్సీలకు వాహనమైంది. పట్టణానికి అంబాసిడర్, పల్లెకు జీపు అన్న పని విభజన మూడు దశాబ్దాలు సాగింది. అదే ఉత్తరపాడా అంబాసిడర్ యంత్రభాగాలతో ట్రెక్కర్ అనే జీపు పోలికగల బండిని తయారుచేసింది. నాలుగు చక్రాల చోదనం లేకపోయినా ఒడిశా, ఉత్తరాంధ్ర పల్లెల్లో మనుషులను కుక్కి నడిపిన షేర్ బండిగా అది చాలాకాలం మనుగడ సాగించింది. 2014 మే 24న ఉత్తరపాడా కర్మాగారంలో ఉత్పత్తి ఆగిపోయింది.

జీపుకు పల్లెల్లో దక్కిన స్థానాన్ని తెలుగు పాఠకులకు వివరించనక్కరలేదు. 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సమష్టి అభివృద్ధి పథకం బ్లాకు అధికారికి జీపునిచ్చింది. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు ఏర్పడగా సమితి అధ్యక్షుని జీపు, బి.డి.ఓ. జీపు, ఎన్నికల జీపు మన భాషలో భాగమైపోయాయి. బానెట్ ఎత్తుగా ఉండే సి.జె. 3బి నమూనా ఇక్కడ బాగా స్థిరపడింది. ఆ ఎత్తుకు కారణం అలంకారం కాదు. కొత్త ఇంజనులో ఇన్‌టేక్ వాల్వులను పైకి మార్చగా ఇంజను ఎత్తు పెరిగి పాత బానెట్ కింద ఇమడలేదు. పెట్రోలు తాగే ఆ ఇంజనుకు బదులు 1980లలో ఫ్రాన్సు ప్యూజో డీజిలు ఇంజను రావడంతో నడిపే ఖర్చు తగ్గి, జీపు ప్రైవేటు వారికీ అందుబాటులోకి వచ్చింది.

నేటి బండ్లు, నాటి కొలతలు

జీపు చట్రం మీద పైకప్పు, సుఖమైన సీట్లు అమర్చే ప్రయత్నాలు 1993లో అర్మాడాతో ఊపందుకున్నాయి. 1994లో టాటా సుమో, 1998లో సఫారీ వచ్చాయి. 2002 జూన్‌లో మహీంద్రా స్వయంగా రూపకల్పన చేసిన స్కార్పియో 2.6 లీటర్ల టర్బో డీజిలు ఇంజనుతో, 109 అశ్వశక్తితో రంగప్రవేశం చేసి వాహనానికి పట్టణ మర్యాద తెచ్చింది. అయితే భద్రతలో లోపాలుండేవి. ఎయిర్‌బ్యాగులు లేని స్కార్పియోకు 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టే పరీక్షలో ఒక్క నక్షత్రమూ దక్కలేదు. 2021లో ఎక్స్‌యువి 700కు, 2022లో స్కార్పియో-ఎన్‌కు పెద్దల రక్షణలో ఐదేసి నక్షత్రాలు లభించాయి. ముందున్న వాహనాన్ని రాడార్‌తో, కెమెరాతో గమనించి తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటు ఎక్స్‌యువి 700లో వచ్చింది. దాని పెట్రోలు ఇంజను శక్తి 200 పి.ఎస్.; యుద్ధకాలపు జీపుకు మూడింతలు మించినది.

2020 అక్టోబరు 2న, కంపెనీ వ్యవస్థాపక దినం నాడు, మార్కెట్‌లోకి వచ్చిన థార్‌ను 1941 జీపు పక్కన నిలబెడితే ఆసక్తికరమైన విషయాలు వెల్లడవుతాయి. జీపు అడుగుభాగం ఎత్తు 222 మిల్లీమీటర్లు కాగా థార్‌ది 226. ముందువైపు వాలు జీపుకు 45 డిగ్రీలు, థార్‌కు సుమారు 42. వెనుకవైపు 35కు బదులు సుమారు 37. తక్కువ గేరుగల ట్రాన్స్‌ఫర్ కేసు రెండింటిలోనూ ఉన్నది. జీపు సుమారు 46 సెంటీమీటర్ల నీటిని దాటగలిగితే థార్ 65 సెంటీమీటర్ల వరకు దాటగలదు. ఎనభై యేళ్లలో ఇంజను, బ్రేకులు, సీట్లు, భద్రత గుర్తుపట్టలేనంతగా మారాయి. నేల నుంచి తీసిన కొలతలు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉన్నాయి.

నేడు అమ్ముడుపోతున్న యుటిలిటీ వాహనాలలో అత్యధికం ఈ కోవకు చెందవు. విడి చాసిస్ లేకుండా, పైభాగం అడుగుభాగం ఒకే పెంకులా పోతపోసినట్లుండే కార్లే అవి. ఇంజను శక్తి ముందు రెండు చక్రాలకే అందుతుంది. మలుపులలో స్థిరత్వం, ఇంధన పొదుపు, తక్కువ కుదుపు వాటి లాభాలు. బురదలో ఇరుక్కుంటే మామూలు కారుకు, వాటికి తేడా స్వల్పం. 2024 నవంబరులో ఆవిష్కరించిన మహీంద్రా విద్యుత్ వాహనాలు 79 కిలోవాట్-గంటల బ్యాటరీతో 286 పి.ఎస్. శక్తినిచ్చినా, అది వెనుక చక్రాలకే పరిమితం. దేశంలో రోడ్ల పొడవు 63 లక్షల కిలోమీటర్లు దాటిన తరువాత కొనుగోలుదారు కోరుతున్నది ఎత్తు, రూపం, సౌఖ్యం.

పన్నుల చట్టం చేసిన నిర్వచనం మరింత విచిత్రం. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారేవరకు, పొడవు 4 మీటర్లు మించి, ఇంజను 1,500 సి.సి. దాటి, అడుగుభాగం ఎత్తు 170 మిల్లీమీటర్లు అంతకు మించి ఉన్న వాహనాలకు ఎస్‌యువిగా 22 శాతం సెస్సు పడేది. నాలుగు చక్రాల చోదనం ప్రసక్తి అందులో లేదు. సుమారు 3.36 మీటర్ల పొడవు గల ఆదిమ జీపు ఆ లెక్కన ఎస్‌యువి కాదు!

జీపు రూపంపై హక్కు ఎవరిదన్న వివాదం కూడా తలెత్తింది. అమెరికాలో మహీంద్రా అమ్మిన రోక్సర్ అనే పొలం బండి తమ జీపును పోలి ఉన్నదని 2018లో ఫియట్ క్రిస్లర్ ఫిర్యాదు చేయగా, 2020లో అక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ దాని పాత రూపాన్ని తప్పుపట్టి, మార్చిన రూపాన్ని అనుమతించింది. 1940లలో స్నేహంగా చేతులు మారిన బండి గురించి మనుమల తరంలో దావా నడిచింది.

కైలాస్ చంద్ర చివరి దశాబ్దంలో రిజర్వు బ్యాంకు, ఎయిరిండియా, హిందూస్థాన్ స్టీల్ సంస్థలకు డైరెక్టరుగా సేవలందించారు. 1953లో ఆయన పేరిట ఏర్పడిన విద్యా ట్రస్టు ఉన్నత చదువులకు విదేశాలకు వెళ్లే విద్యార్థులకు వడ్డీలేని రుణ ఉపకార వేతనాలిస్తున్నది. తండ్రిలేని కుటుంబంలో అన్నగారి శ్రమతో కేంబ్రిడ్జి చూసిన వ్యక్తి ఇటువంటి ట్రస్టు నెలకొల్పడంలో ఆశ్చర్యం లేదు. పేద బాలికల చదువు కోసం 1996లో ఆ ట్రస్టు నన్హీ కలీ పథకాన్ని ప్రారంభించింది.

1963లో ఆయన కన్నుమూశారు. కంపెనీ అధ్యక్ష పదవి కుమారుడు హరీశ్‌కు కాక అన్నగారి కుమారుడు కేశవ్ మహీంద్రాకు దక్కింది. ఆయన 2012 వరకు ఆ బాధ్యతలో కొనసాగారు. కైలాస్ చంద్ర మరణించిన సంవత్సరమే అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్‌ల భాగస్వామ్యంతో ట్రాక్టర్ల కంపెనీ నమోదైంది. దాని తొలి ట్రాక్టరు 1965లో బయటికి వచ్చింది. 1989లో ఆంధ్రప్రదేశ్‌లోని ఆల్విన్ నిస్సాన్ వ్యాన్ల సంస్థ మహీంద్రాల చేతికి రాగా, నేడు తెలంగాణలో ఉన్న ఆ జహీరాబాద్ కర్మాగారంలో 2013 నుంచి ట్రాక్టర్లు తయారవుతున్నాయి.